నెమలికంఠం రంగు జాకెట్టు ముక్క

తెనాలి. 15-11-2025, శనివారం. ఉదయం 10.40 గంటలు. సబ్ ఇన్‌స్పెక్టర్ అభిషేక్ గారి ఎదుట చెప్పగా స్టేషన్ రైటర్ గారు రాసినది.

నా పేరు ములుకుట్ల అనంతలక్ష్మి. భర్త పేరు సుబ్రహ్మణ్యం. వయసు అరవై మూడు. హైస్కూల్లో లెక్కల టీచరుగా ముప్పై మూడేళ్ళు పనిచేసి పోయినేడాది రిటైరయ్యాను. తెనాలిలో కాలవ గట్టుకు రెండు వీధుల ఇవతల సొంత ఇంట్లో ఉంటున్నాను. సెప్టెంబరు 29న ఇదే స్టేషన్లో, ఇదే బల్ల దగ్గర, నా గొలుసు పోయిందని ఫిర్యాదు రాసి సంతకం పెట్టాను. అందులో నేను రాసిన మాటలు సరిదిద్దడానికి ఈ రోజు నా అంతట నేనే వచ్చాను. నన్నెవరూ పిలవలేదు. ఎవరూ పంపలేదు, పైగా ఇంట్లో వద్దన్నారు.

ఎస్.ఐ. గారు కుర్చీ వేయించారు. కూర్చోలేనని చెప్పాను. గొలుసు దొరికింది కదా, ఆ సంగతి ఒక్క ముక్కలో చెబితే కేసు మూసేద్దామని వారు అన్నారు. ఒక్క ముక్కలో కుదరదు. స్టెప్పులు లేకుండా జవాబొక్కటే రాసిన పిల్లలకు నేనేనాడూ మార్కులు వేయలేదు. అదే పని ఇప్పుడు నేను చేయలేను. నిలబడే చెబుతాను, మధ్యలో అటూ ఇటూ నడిస్తే ఏమీ అనుకోవద్దు.

రిటైరయ్యాక నాకిది రెండో దసరా. మొదటిది ఊరికే గడిచిపోయింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సెలవులంటే పేపర్లు దిద్దుకోవడమే తప్ప ఇంట్లో నలుగురిని పిలిచింది లేదు. మా అమ్మ ఇచ్చిన బొమ్మలు అటక మీద ట్రంకు పెట్టెలోనే ఉండిపోయాయి. ఈసారి బొమ్మల కొలువు పెట్టి వీధిలో ఆడవాళ్ళందరినీ పేరంటానికి పిలవాలని ఆగస్టులోనే నిర్ణయించుకున్నాను. నోటు పుస్తకంలో గీతలు గీసి అంతా రాసుకున్నాను. సెప్టెంబరు 28, ఆదివారం, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా. ఇరవై నాలుగు మంది. ఐదు మెట్ల కొలువు, మెట్ల మీద తెల్ల పంచెలు. పులిహోర, రవ్వకేసరి, శనగలు. శనగలు ముందురోజే నానెయ్యాలి. మా వారు ఆ పుస్తకం చూసి ఇది పేరంటమా పదో తరగతి పరీక్షలా అని ఎగతాళి చేశారు.

తాంబూలం సంచిలో పెట్టేవి అందరికీ ఒకటే. తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్ళు, శనగల పొట్లం, జాకెట్టు ముక్క. ఇరవై మూడు ముక్కలు ఇక్కడ బజారులో కొన్నాను. ఇరవై నాలుగోది పేరాలలో ఒక నేతగాళ్ళ ఇంట్లో కొన్నాను. ఆగస్టులో చీరాలలో పెళ్ళికి వెళ్ళినప్పుడు ఆటో చేయించుకుని పేరాల దాకా పోయి మరీ తెచ్చాను. నెమలికంఠం రంగు, అంచు వెంబడి సన్నటి మామిడి పిందెలు. అట్టముక్క లోపల పెట్టి, మడిచి, గుండుసూదులు గుచ్చి, కవర్లో వేసి ఇచ్చారు. అది ఎదురింటి సామ్రాజ్యం కోసం.

ఎస్.ఐ. గారికి ఇంకా పెళ్ళి కాలేదన్నారు కాబట్టి జాకెట్టు ముక్క సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పేరంటంలో వచ్చిన ముక్కను ఎవరూ కుట్టించుకోరు. మడత కూడా విప్పరు. కవరుతో సహా బీరువాలో పెట్టి, తమ ఇంటికి ఎవరైనా ముత్తయిదువ వస్తే బొట్టు పెట్టి ఆమెకు ఇచ్చేస్తారు. ఆమె ఇంకొకరికి ఇస్తుంది. అలా ఊళ్ళు తిరుగుతూనే ఉంటాయి. ఒకసారి నేనిచ్చిన ముక్క నాలుగేళ్ళకు నాకే తిరిగొచ్చింది, కవరు మీద నా ఎర్ర సిరా మరక చూసి గుర్తుపట్టాను. ఇది అందరికీ తెలిసిన రహస్యమే. ఎవరూ ఎవరినీ తప్పుపట్టరు.

సామ్రాజ్యం గురించి. వయసు యాభై ఉంటుంది. బ్లౌజులు కుడుతుంది. పదహారేళ్ళుగా నా బ్లౌజులన్నీ ఆమే కుట్టింది. భర్త పోయి పదకొండేళ్ళయింది. అప్పటినుంచి మా వీధిలో ఏ పేరంటానికీ ఆమెను పిలిచినవాళ్ళు లేరు. ఆ పేరంటాలకు కట్టుకెళ్ళే బ్లౌజులు మాత్రం అందరికీ ఆమే కుట్టాలి. నాకది ఒళ్ళు మండే విషయం. క్లాసులో పిల్లలకు పెద్ద పెద్ద మాటలు చెప్పినదాన్ని, నా ఇంట్లో నేను చేసి చూపిస్తానని అనుకున్నాను.

సెప్టెంబరు 26, శుక్రవారం, ఉదయం తొమ్మిది దాటాక కుంకుమ భరిణ పట్టుకుని వీధంతా తిరిగి పిలిచాను. సామ్రాజ్యం ఇంటికి ఆఖర్న వెళ్ళాను. మిషను ఆపి లేచి నిలబడింది. నేను భరిణ మూత తీసేసరికి రెండడుగులు వెనక్కి వేసింది.

"నన్నెందుకండీ టీచరుగారూ. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. మీకూ ఇబ్బంది, నాకూ ఇబ్బంది."

మా ఇంట్లో నా మాటే చెల్లుతుందని చెప్పాను. అందరితో సమానంగా బొట్టు పెట్టి, నీ చేతికి జాకెట్టు ముక్క ఇస్తాను, రాకపోతే నా మీద ఒట్టే అన్నాను. ఆమె రానంటే నేనే బలవంతపెట్టాను. ఇది రాయండి. ఆమె తనంతట తాను మా ఇంటికి రాలేదు.

(ఇక్కడ నా ఫోను మోగింది. మా వారు. తీయలేదు.)

ఆదివారం సంగతి. మా ఆడపడుచు ఝాన్సీ బాపట్ల నుంచి శనివారమే వచ్చింది. పనిలో చేయి వేసింది. మధ్యాహ్నం మూడున్నరకు నేను కొలువు ముందు కూర్చుని తాంబూలం సంచులు సర్దుతున్నాను. నా మెడలో కాసున్నర గొలుసు, దానికి చిన్న లక్ష్మీదేవి కాసు. దాని కొక్కెం వదులై పొద్దుటి నుంచి రెండుసార్లు ఊడింది. మూడోసారి శనగల బేసిన్లో పడబోయింది. చేతిలో పేరాల ముక్క ఉంది. బీరువా దాకా లేచి వెళ్ళే ఓపిక లేక, ఒక్క నిమిషమే కదా అని, ఆ గొలుసు తీసి కవర్లో, మడతకూ అట్టముక్కకూ మధ్య జారవిడిచాను. అప్పుడే గేటు దగ్గర పూలమనిషి కేక వేసింది. ఆ ముక్క మిగతావాటిలో కలవకుండా కింది మెట్టు మీద ఏనుగు బొమ్మ వెనక పెట్టి లేచాను. తరవాత గొలుసు మాట మరిచిపోయాను.

నాలుగింటికి మొదలై ఐదున్నరకల్లా హాలు నిండింది. సామ్రాజ్యం ఐదూ నలభైకి వచ్చింది. బూడిదరంగు చీర, తల దువ్వుకుని శుభ్రంగా వచ్చింది. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ముందుకు రమ్మన్నాను, రాలేదు. పాటలు అయ్యాయి. ఆరుంబావుకు తాంబూలాలు ఇవ్వడానికి లేచాను. వంటింట్లోకి గంధం గిన్నె కోసం వెళ్తే ఝాన్సీ వెనకాలే వచ్చింది.

"వదినా, ఆవిడకి కూడా బొట్టు పెట్టి ముక్క ఇస్తావా ఏంటి? అప్పుడే ముందు వరసలో ఇద్దరు లేచి నిలబడ్డారు. కొలువు నీది, నీ ఇష్టం."

ఝాన్సీ అన్నది అంతే. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు, ఆపలేదు. నీ ఇష్టం అనే అంది. నా ఇష్టమే జరిగింది.

వరసగా అందరికీ బొట్టు పెట్టి, గంధం రాసి, సంచులు ఇచ్చుకుంటూ వచ్చాను. పిలవనివాళ్ళు ఒకరు అదనంగా వచ్చారు, వారికీ ఇచ్చాను. సామ్రాజ్యం దగ్గరకు వచ్చేసరికి హాల్లో అందరూ ఇటు తిరిగారు. ఆమె లేచి నిలబడింది. చీర కొంగు రెండు చేతుల్లో పట్టింది. నా కుడి చేతి ఉంగరపు వేలికి కుంకుమ ఉంది. నేను ఆ వేలిని నా చీరకు తుడుచుకున్నాను. పక్కన పళ్ళెంలో ఉన్న రెండు అరటిపళ్ళూ, ఒక శనగల పొట్లమూ తీసి ఆమె కొంగులో వేశాను. ముఖం చూడలేదు. వెనక్కి తిరిగాను. ఝాన్సీకి ఇంకా ఇవ్వలేదని గుర్తొచ్చింది. బజారు ముక్కలు అయిపోయాయి. ఏనుగు బొమ్మ వెనక ముక్క తీసి, సంచిలో వేసి, ఝాన్సీకి బొట్టు పెట్టి ఇచ్చాను. ఆ ముక్క చేత్తో పట్టుకుని కూడా గొలుసు గుర్తుకు రాలేదంటే మీరు నమ్మరు. నాకే నమ్మబుద్ధి కాదు. కానీ అప్పుడు నా మనసు గొలుసు మీద లేదు. నా వీపు వెనక నిలబడి ఉన్న మనిషి మీద ఉంది.

సామ్రాజ్యం ఆ పళ్ళు పట్టుకుని మా ఇంట్లోంచి నడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. రెండు మూడు నిమిషాలు ఉండి, ముఖం కడుక్కుని వచ్చి, వెళ్ళొస్తానండీ అని చెప్పి వెళ్ళింది. అప్పుడు ఆరూ ముప్పై అయిదు.

అందరూ వెళ్ళాక ఏడున్నరకు మెడ తడుముకుంటే గొలుసు లేదు. ముప్పై ఏళ్ళుగా గొలుసు తీస్తే బీరువాలో పౌడరు డబ్బాలో పెట్టే అలవాటు. అందుకే అక్కడే పెట్టానని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకోగా చెప్పుకోగా పెట్టినట్టే కనిపించింది కూడా. బీరువా గది పెరట్లోకి వెళ్ళే దారిలో ఉంది. ఆ దారిన ఒంటరిగా ఎవరు వెళ్ళారని ఝాన్సీ అడిగింది.

మర్నాడు ఉదయం పదిన్నరకు మా వారితో ఇక్కడికి వచ్చాను. మామూలుగా పేరంటాలకు రానివాళ్ళెవరైనా ఆ రోజు వచ్చారా అని ఎస్.ఐ. గారు అడిగారు. అది మామూలుగా అడిగే ప్రశ్నే, వారి తప్పేమీ లేదు. నేను సామ్రాజ్యం పేరు చెప్పాను. ఫిర్యాదులో నా చేత్తో ఇలా రాశాను: "సదరు మహిళ ఎవరూ పిలవకుండానే లోపలికి వెళ్ళి కొంతసేపు ఒంటరిగా ఉన్నది." ఆమె ఎందుకు వెళ్ళిందో నాకు తెలుసు. ఏడవడానికి వెళ్ళింది. ఏడిపించింది నేనే. అది తెలిసి కూడా రాయలేదు. గొలుసు బీరువాలో పెట్టాననడం మరుపు. ఇది మరుపు కాదు.

తరవాత జరిగింది మీకే బాగా తెలుసు. సామ్రాజ్యాన్ని రెండుసార్లు స్టేషనుకు రమ్మన్నారు. రెండోసారి పదకొండు నుంచి నాలుగు దాకా బయట ఉన్న ఆ బెంచీ మీద కూర్చుందట. కానిస్టేబుల్ వచ్చి మిషను సొరుగు చూస్తుంటే నేను మా కిటికీ తెర సందులోంచి చూశాను. దారపుండలు, గుండీలు, కొక్కేలు తప్ప ఏమీ లేవు. నిప్పు లేనిదే పొగ రాదు కదా అని వీధిలో ఆడవాళ్ళు ఒకరి తరవాత ఒకరు తమ గుడ్డలు వెనక్కి తెచ్చేసుకున్నారు. దీపావళి ముందు ఆమెకు తల ఎత్తడానికి తీరిక ఉండని రోజులవి. నావి ఆరు బ్లౌజులు ఆమె దగ్గర ఉన్నాయి. అక్టోబరు 4న పొద్దున తలుపు తీసేసరికి ఆరూ కుట్టి, ఇస్త్రీ చేసి, సంచిలో పెట్టి మా గేటుకు తగిలించి ఉన్నాయి. హెమ్మింగ్ ఎప్పటిలాగే ఉంది. ఒక్క కుట్టు కూడా వంకర పోలేదు. వాటిని ఇంతవరకు తొడుక్కోలేదు.

ఆ తరవాత మిషను చప్పుడు ఆగిపోయింది. పదహారేళ్ళుగా పొద్దున తొమ్మిదికి మొదలయ్యే చప్పుడు. ఇప్పుడు తొమ్మిదయ్యేసరికి నాకు కాలు నిలవదు. ఇంట్లో గుమ్మం నుంచి పెరటి దాకా, పెరటి నుంచి గుమ్మం దాకా తిరుగుతుంటాను. బీపీ అని మా వారు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళారు. మాత్రలు ఇచ్చారు. మాత్రలు వేసుకుని తిరుగుతున్నాను.

నవంబరు 13, గురువారం, సాయంత్రం అయిదింటికి ఝాన్సీ ఫోను చేసింది. నేనిచ్చిన ముక్కను ఆమె అట్లతద్ది నాడు, అంటే అక్టోబరు 9న, తన మేడ మీద అద్దెకుండే హరిచందనకు బొట్టు పెట్టి ఇచ్చింది. మడత విప్పలేదు. హరిచందనది రేపల్లె. దీపావళికి వెళ్తూ ఆ ముక్క వాళ్ళమ్మకు ఇచ్చింది. ఆమె కూడా విప్పలేదు, బీరువాలో పెట్టింది. ఆ నెమలికంఠం రంగు తన పట్టుచీరకు సరిగ్గా కలిసిందని, ఎన్నడూ లేనిది, కుట్టించుకోవడానికి ఇచ్చిందట. నవంబరు 12న టైలరు కవరు విప్పితే గొలుసు జారి మిషను మీద పడింది. టైలరు వెంటనే ఆమెకు కబురు చేసింది, ఆమె కూతురికి, కూతురు ఝాన్సీకి. తెనాలి నుంచి బాపట్ల, బాపట్ల నుంచి రేపల్లె. నలభై అయిదు రోజులు. ముగ్గురు ఆడవాళ్ళ చేతులు మారింది, మూడు బీరువాల్లో పడుకుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారే, నేను ఊరంతా వెతకను కూడా లేదు. ఎదురింట్లో మాత్రమే వెతికించాను.

నిన్న ఉదయం బస్సులో ఒక్కదాన్నే రేపల్లె వెళ్ళాను. ఆ టైలరు పేరు కరుణ. చిన్న గది, ఒకటే మిషను. గొలుసు చిన్న స్టీలు డబ్బాలో పెట్టి ఉంచింది. ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదమ్మా, నువ్వెలా చూశావు అని అడిగాను. ఆమెకు నా ప్రశ్న అర్థం కాలేదు.

"మడత విప్పి దులపకుండా మేం కత్తెర పెట్టమండి. గుండుసూదులుంటాయి కదా, మిషను సూది విరిగిపోద్ది."

అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చున్నాను. ఈ నెలన్నరలో కుదురుగా కూర్చున్నది అప్పుడే. ఆ ముక్క ఎవరికోసం కొన్నానో ఆమెకే ఇచ్చి ఉంటే, ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి విప్పేది. కుట్టుపని చేసే మనిషి కదా, చేతికి వచ్చిన ముక్కను విప్పి దులపడం మా వీధిలో ఆమెకొక్కదానికే అలవాటు. ఏడింటికల్లా గొలుసు పట్టుకుని, టీచరుగారూ ఇదేంటండీ ఇందులో ఉంది అంటూ మా గేటు తీసేది. నాకు గొలుసు పోయిందని తెలిసే లోపే తిరిగొచ్చేది. వేలికున్న కుంకుమ చీరకు తుడుచుకున్నాను చూడండి, అక్కడ పోయింది గొలుసు. లెక్క అక్కడ తప్పింది.

ఇంటికి వచ్చాక మా వారూ, ఫోనులో ఝాన్సీ, ఇద్దరూ ఒకటే చెప్పారు. గొలుసు బీరువా వెనక పడి ఉండగా దొరికిందని స్టేషన్లో చెప్పేస్తే సరిపోతుంది, ఈ రేపల్లె గొడవంతా ఎందుకు అన్నారు. "నలుగురిలో పరువు పోతుంది అనంతా" అన్నారు మా వారు. ఆయన చెడ్డవారు కాదు. నా మీద ప్రేమతోనే అన్నారు. పరువు పోవడం సెప్టెంబరు 28నే అయిపోయిందని, అది నాకొక్కదానికే తెలుసని చెప్పాను. బీరువా వెనక దొరికిందంటే వీధి ఏమనుకుంటుంది? పోలీసులకు భయపడి సామ్రాజ్యమే తెచ్చి పడేసిందనుకుంటుంది. ఆమె పేరు అలాగే ఉండిపోతుంది.

(మళ్ళీ ఫోను. మా వారే. తీయలేదు.)

గొలుసు ఇదిగో, బల్ల మీద పెట్టాను. కోర్టు వారికి ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉంచుకోండి, నాకు తొందర లేదు. జాకెట్టు ముక్క హరిచందన వాళ్ళమ్మను అడిగి వెనక్కి తెచ్చుకున్నాను. దాన్ని మీరు తీసుకోవద్దు. ఆ అవసరం లేదని ఎస్.ఐ. గారు కూడా అన్నారు. నా చేతిసంచిలో ఉంది. దానితోపాటు భరిణ కూడా ఉంది. ఈ వాంగ్మూలం నకలు ఒకటి ఇస్తే పట్టుకుని ఇక్కడినుంచి తిన్నగా ఎదురింటికి వెళ్తాను. తలుపు తీస్తుందో లేదో తెలియదు. తీసుకుంటుందో లేదో తెలియదు. తీసుకోకపోతే ఆమెను ఒక్క మాట కూడా అనే హక్కు నాకు లేదు. నకలు మాత్రం మా గేటుకు అంటిస్తాను. ఆరు బ్లౌజులు తగిలించిన చోటే.

రాసిందంతా రైటర్ గారు నాకు చదివి వినిపించారు. పేర్లు, తేదీలు సరిపోయాయి. ఒక వాక్యం లేదు. అదేమిటని అడిగితే, కేసుకు అక్కర్లేదని వదిలేశానన్నారు. కావాలని పట్టుబట్టి ఇక్కడ రాయించాను:

28-09-2025 సాయంత్రం ఆరూ ముప్పై అయిదుకు సామ్రాజ్యం మా ఇంటినుంచి తీసుకువెళ్ళినవి రెండు అరటిపళ్ళు, ఒక శనగల పొట్లం. అంతకు మించి ఏమీ లేదు.

ఇది నేను చూసినది, చేసినది. నా తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పాను. కల్పించింది లేదు, ఈసారి దాచిందీ లేదు. స్టేషన్లో ఇచ్చే వాంగ్మూలానికి సంతకం అవసరం ఉండదని రైటర్ గారు అన్నారు. ఆమె పేరు రాసిన రోజు పెట్టాను, ఈ రోజూ పెడతాను.

(సంతకం)
ములుకుట్ల అనంతలక్ష్మి